మాట తప్పినోడు ఎవరు?



పోయిన వారం బెల్టు షాపుల గురించి రాస్తే చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే అడిగారు: "అన్నా, దుకాణం మూయించుడు సరే, తాగెటోని సంగతేంది?" ఈ వారం ఆ సంగతే. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ తప్పు నాదే.

కొన్నేళ్ల కింద ఒక ఏప్రిల్ 14న, సిద్దిపేటకు దగ్గర్లోని ఒక ఊరిలో, బాబాసాహెబ్ విగ్రహం ముందు మా యువజన సంఘం వాడకట్టు మగవాళ్లందరి చేత ప్రతిజ్ఞ చేయించింది. ఈ రోజు నుంచి తాగం అని. చదివింది నేను. వాళ్లు కుడిచెయ్యి ముందుకు చాపి నా వెనకే అన్నారు. తాగితే అయిదు వేలు జరిమానా అని కాగితం మీద రాసి వేలిముద్రలు పెట్టించాం. డప్పులు కొట్టాం, ఫొటోలు దిగాం, ఇదే గోడ మీద పెట్టుకున్నాం. బోలెడన్ని లైకులు కూడా వచ్చాయి.

వాళ్లలో యాభై దాటిన పెద్దాయన ఒకరు ఉన్నారు. పొద్దున లేవగానే గొంతులో చుక్క పడకపోతే చేతులు వణికే మనిషి. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. అదే ప్రమాదమైంది. రెండో రోజు ఒళ్లంతా చెమటలు, వణుకు, నిద్ర లేదు. మూడో రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయన్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన తమ్ముడితో మాట్లాడాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పారు. మా సంఘం పిల్లలు "సీసా కోసం యాక్టింగ్ జేస్తుండు" అన్నారు. నేను కాదనలేదు. తెల్లారుజామున ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాక గానీ ఆటోలో వేసుకొని పోలేదు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు?" అని కాదు. "ఎప్పుడు ఆపేసిండు?" అని.

బతికాడు. ఇంటికొచ్చిన నెల తిరగకముందే మళ్లీ తాగాడు. మేము సంఘం పెట్టి జరిమానా వేశాం. అందరి ముందు "మాట తప్పినోడు" అన్నాం. ఆ రోజు ఆయన తల వంచుకొని కూర్చున్న తీరు నాకు ఇంకా గుర్తుంది. అప్పుడు నేను గెలిచినట్టు అనిపించింది. ఇప్పుడు సిగ్గనిపిస్తోంది.

ఆ మూడు రోజుల్లో ఏం జరిగిందో విద్యార్థులకు, కార్యకర్తలకు తెలియాలి. ఎందుకంటే ఇది ప్రాణాలు తీసే అజ్ఞానం. ఏళ్ల తరబడి రోజూ మద్యం పడితే మెదడు దానికి తగ్గట్టు తనను మార్చుకుంటుంది. మద్యం బ్రేకు లాంటిది. బ్రేకు ఎప్పుడూ నొక్కి ఉంటే మెదడు యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కడం నేర్చుకుంటుంది. ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే బండి అదుపు తప్పుతుంది. ఆపిన మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలవుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి చచ్చిపోవచ్చు. అందితే బాగవుతాడు. బెంజోడయాజిపైన్ మందులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, విటమిన్ బి1 ఎక్కిస్తారు. అంటే బాగా ముదిరిన తాగుడు మనిషి "రేపటి నుంచి బంద్" అంటే చప్పట్లు కొట్టకూడదు. ముందు దవాఖానకు తోలుకపోవాలి. ఈ చిన్న సంగతి తెలియని నేను యాభై మంది చేత ప్రతిజ్ఞ చేయించాను.

మన దగ్గర ఈ కథకు ఇంకో పేరుంది: కల్లు. 2016 అక్టోబర్ 11 దాకా సిద్దిపేట మెదక్ జిల్లాలోనే ఉండేది. మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ అంటే మందు కల్లు కతలు తెలియనిదెవరికి? ఉన్న ఈత చెట్లు, తాటి చెట్లు ఎంత గీసినా దుకాణాల్లో అమ్ముడుపోయే అన్ని సీసాలు నిండవు. అందుకే నీళ్ల తొట్టిలో పొడి పడింది. ముందు క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, తరవాత అల్ప్రాజోలామ్. బీడీలు చుట్టి, నాట్లేసి ఒళ్లు నొప్పులతో ఇంటికొచ్చిన అవ్వ "రెండు సీసాలు తాగితే నిద్ర వడ్తది" అంటుంది. ఆమెకు తెలియకుండానే ఆమె రోజూ అల్ప్రాజోలామ్ మింగుతోంది. డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో అమ్మకూడని గోళీ అది. వంద గ్రాములు దొరికితే ఎన్‌డీపీఎస్ చట్టం కింద వాణిజ్య పరిమాణం. ఆ చట్టం పేరు కూడా వినని ఆడమనిషి ఒంట్లోకి అది సీసాలో పోసుకొని పోయింది.

అది ఒక్కసారి ఆగితే ఏమవుతుందో మనం మళ్లీ మళ్లీ చూశాం. 2015లో గుడుంబా మీద, కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు పల్లెల నుంచి వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ వచ్చిన మనుషులతో దవాఖానాలు నిండాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలన్నీ రాత్రికి రాత్రి మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్లీ అదే వరుస. మే 6న రాష్ట్రంలో వైన్ షాపులు తెరిచారు, ధర పెంచి మరీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి దగ్గర కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎంతోమంది కిడ్నీలు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది మన పల్లెల నుంచి బతకపోయిన కూలీల లాంటి వాళ్లే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చెట్టెక్కే గౌడన్న మన శత్రువు కాదు. మోకు జారి పడి నడుం విరిగేది ఆయనకే, చచ్చిపోయేది ఆయనే. పొడి కలిపి లాభం తీసేది చెట్టు మొహం చూడని కాంట్రాక్టరు. పోరాటం ఎవరి మీదో స్పష్టంగా ఉండాలి.

తాగేవాడి విషయంలో మన సమాజానికి రెండే భాషలు వచ్చు: పాపం, నేరం. ఒకటి ప్రవచనకారుడిది, ఇంకోటి పోలీసుది. రెండింటి కిందా కులం ఉంది. క్లబ్బులో విస్కీ తాగేవాడికి 'అలవాటు ఉంది'. వాడకట్టులో సీసా తాగేవాడు 'తాగుబోతు'. అక్కడ ఒక మనిషి తాగుతాడు, ఇక్కడ జాతి మొత్తం తాగుతుంది. "గంతే, ఆళ్లు మారరు" అనే మాట నేను ఎన్ని నోళ్ల నుంచి విన్నానో లెక్క లేదు.

మరి ఆ సీసా వాడకట్టుకు ఎట్లా వచ్చింది? చావుకు డప్పు కొట్టబోతే కూలి కంటే ముందు సీసా ఇచ్చారు. చచ్చిన గొడ్డును మోయిస్తే సీసా ఇచ్చారు. నేటికీ మ్యాన్‌హోల్‌లోకి దిగే అన్నను, మార్చురీలో శవం కోసే అన్నను అడిగి చూడండి. "తాగకుంటే ఆ వాసనల నిలవడగలుగుతమా?" అంటాడు. అక్కడ మత్తు సరదా కాదు, పనిముట్టు. మనిషి చేయకూడని పని మనిషి చేత చేయించడానికి ఈ వ్యవస్థ ఇచ్చిన పనిముట్టు. ఆ పని అట్లాగే ఉంచి, పనిముట్టు మాత్రం పారేయమంటే ఎట్లా?

అయితే మనుషులు మారరా? మారుతారు. మన కళ్ల ముందే ప్రతి ఏడూ మారుతున్నారు. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకునే మన పిల్లలను చూడండి. ఆ మాల గురించి నాకు వేరే విమర్శ ఉంది, అది ఇంకోసారి. ఇప్పుడు ఒక్కటే గమనించండి. నిన్నటి దాకా సీసా లేనిదే నిద్ర పోని తమ్ముడు 41 రోజులు ముట్టడు. ఏ కౌన్సెలింగూ లేదు, ఏ పోలీసూ లేడు. ఏం మారింది? తెల్లారి లేచే టైమ్ మారింది. సాయంత్రం పోయే చోటు మారింది. పక్కన కూర్చునే మనుషులు మారారు. అన్నిటికంటే పెద్ద మార్పు ఇంకోటి. నిన్నటి దాకా "అరేయ్" అన్న ఊరు ఈ రోజు "స్వామీ" అంటుంది. పటేల్ ఇంటి కుర్రాడు కూడా "స్వామి శరణం" అంటాడు. 42వ రోజు మాల తీసేస్తాడు. ఊరు మళ్లీ "అరేయ్" అంటుంది. సాయంత్రం పోవడానికి మళ్లీ అదే బెల్టు షాపు. అందరం "చూసిండ్రా, మాల దీసిండు, సీసా వట్టిండు" అని నవ్వుతాం. నిజానికి అక్కడ ఓడిపోయింది ఆ పిల్లవాడి మనోబలం కాదు. ఆయనకు 41 రోజులు మనం అరువిచ్చిన గౌరవాన్ని వెనక్కి గుంజుకున్నాం, అంతే.

ఇది నా ఊహ మాత్రమే కాదు. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికుల్లో అయిదింట ఒక వంతు మంది హెరాయిన్‌కు బానిసలయ్యారు. వీళ్లు ఇంటికొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం వణికింది. 1971లో తిరిగొచ్చిన వాళ్లను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకొని అడిగింది. అక్కడ బానిసలైన వాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది నూటికి అయిదుగురు మాత్రమే. చాలామంది ఏ చికిత్సా తీసుకోలేదు. యుద్ధం పోయింది, భయం పోయింది, ఇల్లూ పనీ మనుషులూ దొరికారు. మందు అదే, మనిషి అదే, చుట్టూ ఉన్న బతుకు మారింది. మన వాళ్ల కష్టం ఏమిటంటే, యుద్ధభూమి నుంచి వాళ్లు తిరిగి పోవడానికి వేరే ఇల్లు లేదు. యుద్ధభూమే ఇల్లు.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరకు వద్దాం. ఇక్కడే మనం తొందరపడి తప్పు చదువుతున్నాం. 1951లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక మద్య నిషేధాన్ని వ్యతిరేకించింది. నిషేధంతో ఖజానాకు ఆదాయం పోతుంది, దొంగసారా ఇళ్లలోకి వస్తుంది, ఆడవాళ్లూ పిల్లలూ కూడా అందులో చిక్కుకుంటారు అని వాదించింది. అదే మనిషి 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించాడు. అందులో ఒకటి మద్యం, మత్తు పదార్థాలు ముట్టను అని. అయిదేళ్లలో మాట మార్చాడా? లేదు. సర్కారు లాఠీతో మనిషి మారడని మొదటిది చెప్పింది. మనిషి ఎట్లా మారతాడో రెండోది చూపించింది. ఒంటరిగా కాదు, లక్షల మందితో కలిసి. శిక్షకు భయపడి కాదు, "నేను ఇక అంటరానివాణ్ణి కాను" అనే కొత్త పేరుతో. నేను చేసిన తప్పు ఏమిటంటే, 1956 నాటి ప్రతిజ్ఞను తీసుకొని దానికి పోలీసు జరిమానా తగిలించాను. కొత్త గౌరవం ఇవ్వలేదు, కొత్త భయం ఇచ్చాను.

"నిషేధం వద్దంటావా అన్నా?" అని అడుగుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి పోయినప్పుడు ఏ మేధావీ వాళ్లకు దారి చూపలేదు. వాళ్ల పోరాటం వల్లే 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ పోరాటాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. వీధికో బెల్టు షాపు ఉంటే తాగుడు పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. కాబట్టి బెల్టు షాపు మూయించాల్సిందే. అయితే దుకాణం మూసిన రోజే చికిత్స తలుపు తెరవాలి. ఒకటి మూసి రెండోది తెరవకపోవడమే 2015లో, 2020లో జరిగింది. అమ్మేవాడి మీద కఠినం, అలవాటు పడ్డవాడి మీద కరుణ. ఈ రెండూ కలిసే ఉండాలి.

ఇంకో మాట, చెల్లెళ్ల కోసం. తాగుడు జబ్బు అంటే తాగి భార్యను కొట్టడం జబ్బు అని కాదు. కొట్టడం నేరమే. "మందు మీద కొట్టిన" అన్నవాడు మందు మీద పటేల్‌ను ఎప్పుడూ కొట్టలేదు కదా! చికిత్స హక్కు, హింస హక్కు కాదు.

మరి సర్కారు మనకు ఏమిచ్చింది? తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు. 2021 నుంచి వాటిలో ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్, అంటే 262 షాపులు. సామాజిక న్యాయం అన్నారు. 2025లో ఒక్క దరఖాస్తుకే 3 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి రావు. ఏ కూలీ దగ్గర ఉన్నాయి ఆ 3 లక్షలు? ఎవరి పేరు ముందు, ఎవరి పెట్టుబడి వెనక? సరే, వ్యాపారంలో వాటా వద్దనను. అమ్మడంలో వాటా లెక్కగట్టి ఇచ్చినవాళ్లు బాగుపడటంలో వాటా ఎందుకు లెక్కగట్టలేదు? 2019లో కేంద్రం ఎయిమ్స్‌తో చేయించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. ఆ ఒక్కరు మన వాడకట్టు మనిషి అయ్యే అవకాశం ఎంతో మీరే చెప్పండి.

నిజానికి హక్కులు కాగితం మీద ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. సర్కారు ఖర్చుతో చికిత్స పొందే హక్కు ఇచ్చింది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. బానిసైన మనిషి తనంతట తాను చికిత్సకు వస్తే వాడకం కేసు, చిన్న పరిమాణం కేసు నుంచి రక్షణ ఉంటుంది. గంజాయి చుట్టతో పట్టుబడిన ఇంటర్ పిల్లవాణ్ణి పరేడ్ చేయించి, ఫొటో గ్రూపుల్లో తిప్పే ముందు ఈ సెక్షన్ గురించి ఎవరు చెప్పారు? పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి ఉంచుకున్న కొద్దిపాటి మత్తును జైలు నేరం నుంచి తప్పించింది. పట్టుబడినవాడు జడ్జి ముందుకు కాదు, చికిత్స గురించి మాట్లాడే కమిటీ ముందుకు పోతాడు. అమ్మేవాడు మాత్రం అక్కడా నేరస్తుడే. అది స్వర్గం కాలేదు, కానీ జైలుకు బదులు ఇంకో దారి ఉందని చూపించింది.

సంఘాలకు, విద్యార్థి మిత్రులకు నా ప్రతిపాదనలు ఇవి. వచ్చే ఏప్రిల్ 14 ప్రతిజ్ఞకు వారం ముందే రోజూ పొద్దున తాగే వాళ్లను గుర్తించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోదాం. ఫోన్ చేయడానికి టెలీ మానస్ 14416, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబర్లను విగ్రహం గద్దె మీద రాయిద్దాం. ప్రతి మండల కేంద్రంలో మందులు, డాక్టరు ఉన్న చికిత్స కావాలని కలెక్టరేట్ ముందు కూర్చుందాం. మద్యం ఆదాయంలో చికిత్సకు వాటా అడుగుదాం. జరిమానాల పుస్తకం చించేద్దాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా సంఘం గది తాళం తీసి ఉంచుదాం. క్యారమ్ బోర్డు, పేపరు, చాయ్ ఉంటే చాలు. మనిషి పోవడానికి ఇంకో చోటు ఉండాలి.

మాట్లాడే తీరు కూడా మార్చుకుందాం. తాగుడు సమస్య ఉన్నవాళ్లతో పనిచేసిన విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. ఎదుటివాణ్ణి ఎంత నిలదీస్తే అంత గట్టిగా తన తాగుడును సమర్థించుకుంటాడు, తరవాత అంత ఎక్కువ తాగుతాడు. మానాలనే మాట ఆయన నోట రావాలి, మన నోట కాదు. మన పని అడగడం, వినడం. మళ్లీ తాగితే అది ద్రోహం కాదు, దారిలో తగిలిన దెబ్బ. లేపి నిలబెట్టాలి.

చివరికి ఆ పెద్దాయన. రెండేళ్ల తరవాత నేనే ఆయన ఇంటికి పోయి తప్పయిందని చెప్పాను. ఆయన నవ్వి "నువ్వేం జేస్తవ్ బిడ్డా, నీకు దెల్వది, నాకు దెల్వది" అన్నాడు. ఇప్పుడు గోళీలు వాడుతున్నాడు. నడుమ రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తనే ఫోన్ చేసి చెప్పాడు. జరిమానా ఉన్నన్ని రోజులు ఒక్కసారీ చెప్పలేదు, దాచుకున్నాడు. ఆ తేడాయే ఈ వ్యాసం మొత్తం.

ఆయన మాట తప్పలేదు మిత్రులారా. మూడు రోజులు ప్రాణం మీదికి తెచ్చుకొని మరీ నిలబెట్టాడు. తోడుంటామని విగ్రహం ముందు చెయ్యి చాపింది మేము. మూడో రాత్రి ఆయన పక్కన లేనిది మేము. మాట తప్పినోళ్లం మేమే.

వచ్చే వారం: గంజాయి కేసుల్లో జైలుకు పోతున్న మన పిల్లల గురించి. మీ ఊరి అనుభవాలు పేర్లు లేకుండా ఇన్‌బాక్స్‌లో రాయండి.

జై భీమ్.